అందుకునే చప్పట్లు

ఫ్రిజ్‌లో బార్లీ టీ కూజా ఉంది. కూజా అడుగున ఒక్క గుక్క టీ ఉంది. ఆ గుక్క ఎవరు మిగిల్చారన్నదే ఆ ఉదయం తగువు.

ఆ ఇంటి నియమం ఒకటే. కూజా ఖాళీ చేసినవాళ్ళు మళ్ళీ టీ కాచి పెట్టాలి. అందుకని ఎవరూ ఖాళీ చేయరు. అడుగున ఒక్క గుక్క ఉంచి, ఏమీ ఎరగనట్టు ఫ్రిజ్ తలుపు మూస్తారు.

తను కాదంది నగిసా. నిన్నటి నుంచి మంచినీళ్ళే తాగుతున్నానన్నాడు తండ్రి తొయోహిస, పేపరు దించకుండా.

నాయనమ్మ కినుయే కూజా తెచ్చి బల్ల మీద సాక్షిలా నిలబెట్టింది. "చెవుల్లో ఆ ఉమినెకో వాళ్ళ గోల దూర్చుకుని తిరిగేవాళ్ళకి కూజా నిండిందో ఎండిందో ఏం తెలుస్తుందిలే."

తగువు కూజా గురించి కాదని ముగ్గురికీ తెలుసు.

ఉమినెకో క్రూ అనే పాటల జట్టు ఆ ఊరి యాయిజు రేవు కుర్రాళ్ళదే, నలుగురు. వేలంపాటలో చేపలవాళ్ళు అరిచే అరుపుల కింద దరువు వేసి, దాని మీద గబగబా మాటలు అల్లి పాడిన 'తొలి పడవ' ఇప్పుడు టోక్యో టాక్సీల్లో కూడా మోగుతోంది. ఈ ఏడు, పోయిన పెద్దలు ఇంటికొచ్చే బోన్ పండగ ఆటలో ఆ పాట చేర్చాలని వీధి సంఘం తీర్మానించింది. నిరుడు డోలు మంచె చుట్టూ ఆడినవాళ్ళలో నడుం నొప్పి లేనిది నగిసా ఒక్కదానికే మరి. అడుగులు కూర్చే పని ఆమెకే ఇచ్చారు. చిన్నప్పటి నుంచి నాయనమ్మ వెనకే ఆడిన పిల్లకి, ఆ వలయంలో తనదంటూ దొరికిన మొదటి పని అది. వసంతమంతా తను పాఠం చెప్పే బాలబడి పిల్లలతో ఆ అడుగులు ఆడించి చూసుకుంది.

కానీ ఆటని ముందుండి నడిపేది కినుయే. ఆవిడ సరేనంటేనే సరే.

"బోన్ రోజుల్లో మీ తాత మనల్ని చూడ్డానికి వస్తాడు. ఈ గోల విని, ఇది మా వీధి కాదనుకుని వెనక్కి పోతాడు" అంది కినుయే. శుక్రవారం ఆఖరి సాధన నాటికి పాట కుదరకపోతే తీసేద్దామని కూడా అంది.

కుదరకపోవడానికి కారణం, నగిసా లెక్క ప్రకారం, షుంగో.

షుంగో తతామి చాపలవాళ్ళ అబ్బాయి. కొన్నేళ్ళు నగోయాలో రాత్రిపూట క్లబ్బుల్లో రికార్డులు తిప్పి, పోయిన శరత్తులో ఇంటికొచ్చి నాన్నతో చాపలు కుడుతున్నాడు. జుట్టు చివర్లు ఇంకా గోధుమరంగులోనే ఉన్నాయి. ఈ ఏడు మంచె మీద పెద్ద డోలు అతనిది.

మొదటి సాధన రోజే వీధి సంఘం హాల్లో గొడవైంది. పాట మొదలవగానే ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళు కొట్టిన తర్వాత, ఒక దెబ్బ వెనగ్గా, డోలు మోగింది. మళ్ళీ చప్పట్లు, మళ్ళీ వెనగ్గా డోలు. ఒకరు తలుపు తడుతుంటే ఇంకొకరు కిటికీ తడుతున్నట్టుంది. నగిసా పాట ఆపేసింది.

"నువ్వు ఆలస్యంగా కొడుతున్నావు."

"ఆలస్యం కాదు. పాట బరువు రెండో దెబ్బ మీద ఉంది. వాళ్ళే తొందరపడుతున్నారు."

"వాళ్ళలో మా నాయనమ్మ ఉంది."

"అందుకే మెల్లిగా చెప్పాను."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. కినుయే నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆవిడ నోట అతని పేరు 'ఆలస్యం అబ్బాయి' అయింది.

సాధన అయ్యాక చెప్పుల అర దగ్గర అతను కాచుకుని ఉన్నాడు. అలల అడ్డుగోడ దాకా నడుద్దామన్నాడు. నడిపించే నేర్పిస్తానన్నాడు. కాలు నేల మీద పడేటప్పుడు కాదు, రెండో కాలు లేచేటప్పుడు చప్పట్లు. నగిసా పదడుగులు సరిగ్గా కొట్టి పదకొండోసారి తడబడింది. అతను నవ్వాడు. నువ్వు కుట్టిన చాపల మీద కూర్చునేవాళ్ళు కూడా ఇలాగే తడబడతారా అని ఆమె అడిగింది. గోడ చివరికి చేరేసరికి ఆమె చేతులు వాటంతటవే సరైన చోట పడుతున్నాయి.

"వచ్చేసింది నీకు" అన్నాడు.

"నాకొస్తే ఏం లాభం? నాయనమ్మకి రావాలి."

కుదరకపోతే తను మంచె దిగిపోతాననీ, డోలు పాత ఆయనకే ఇచ్చేసి, ఆమె అడుగుల్ని పాత పాట దేనికైనా సర్దుకోవచ్చనీ అన్నాడు షుంగో.

"దిగిపోవడం నీకంత తేలికా?"

"తేలికైతే చెప్పుల అర దగ్గర ఎందుకు నిలబడతాను?"

నగిసా ఇంటికి అడ్డుదారి వదిలేసి చుట్టుదారిన వెళ్ళింది. అతను పక్కన నడిచాడు.

ఆ తర్వాతి సాధనల్లో ఆడవాళ్ళకి ఎంత చెప్పినా చేతులు ముందే కలిసిపోయేవి. అరవై ఏళ్ళ అలవాటు చేతులవి.

శుక్రవారం మధ్యాహ్నం మంచె చుట్టూ కాగితపు లాంతర్ల పెట్టెలు దింపుతుండగా వాన మొదలైంది. తడిస్తే ఇక పండగ లేదు. కినుయే ఒక్క కేక వేసింది. అందరూ హాలు గుమ్మం దాకా వరసగా నిలబడ్డారు. ఆవిడ పెళ్ళికి ముందు రేవులో పడవల నుంచి చేపల బుట్టలు దింపిన మనిషి. వరస ఎలా నడవాలో ఆవిడకి తెలుసు.

"యోయ్" అంటూ పెట్టె ఇచ్చేది. "ష" అంటూ పక్కవాళ్ళు అందుకునేవాళ్ళు. యోయ్, ష. యోయ్, ష.

నగిసాకి ఇటు పక్కన షుంగో. ప్రతి పెట్టెకీ అతని వేళ్ళు ఆమె వేళ్ళ మీదుగా జారి వెళ్తున్నాయి. ఇద్దరి జుట్లలోంచీ నీళ్ళు కారుతున్నాయి.

"ఈ వరస ఇంకాస్త పొడుగుంటే బావుండేది" అన్నాడతను, పెట్టె వదలకుండా.

"పెట్టె వదులు, తడుస్తోంది" అంది నగిసా. అని, అతను వదిలాక కూడా కదలకుండా నిలబడిపోయింది. సిగ్గుతో కాదు. యోయ్ అన్నది ఇవ్వడం. ష అన్నది అందుకోవడం. ఆ 'ష' పడుతున్నది సరిగ్గా రెండో దెబ్బ మీద.

ఆఖరి పెట్టె లోపలికి చేరగానే, నగిసా తడి బట్టలతోనే వెళ్ళి నాయనమ్మ ఎదురుగా నిలబడింది.

"నాయనమ్మా, పాటతో పాటు చప్పట్లు కొట్టొద్దు. పాట బుట్ట ఇస్తుంది. మీరు అందుకోండి."

కినుయే మనవరాలిని ఎగాదిగా చూసింది. తర్వాత తన అరచేతులు చూసుకుంది. "ఇచ్చేవాళ్ళతో పాటే చేతులు చాస్తే చేప కిందపడుతుంది" అంది నెమ్మదిగా. "ఆ మాట మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?"

పాట పెట్టారు. నలుగురు కుర్రాళ్ళ గొంతులు బుట్ట ఇచ్చాయి. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అందుకున్నారు, రెండో దెబ్బ మీద. హాలు నేల అదిరింది. ఆశ్చర్యంలో షుంగో డోలు కర్ర గాల్లోనే ఆగిపోయింది.

"ఇప్పుడు నిజంగానే ఆలస్యమయ్యావు, అబ్బాయీ" అంది కినుయే. "కొట్టు."

పండగ మొదటి సాయంత్రం 'తొలి పడవ' మూడుసార్లు పెట్టాల్సి వచ్చింది. యుకాతా నూలు అంగీలు కట్టుకున్న కాలేజీ పిల్లలు, ముసలివాళ్ళ చేతులు చూసి తమ చేతులు సరిచేసుకున్నారు. పాటకీ పాటకీ మధ్య నగిసా మంచె ఎక్కి షుంగోకి మంచినీళ్ళిచ్చింది. అతను నీళ్ళు తాగకుండా, తనని పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. అంత ఎత్తున, అందరి ముందు, ఎవరికీ వినపడకుండా. ఆమె ముందు నీళ్ళు తాగమంది. తాగాక, సరేనంది. కాకపోతే నాయనమ్మకి చెప్పే పని అతనిదేనంది.

బోన్ ఆఖరి రోజు మధ్యాహ్నం అతను భోజనానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. జుట్టు మొత్తం నల్లగా ఉంది. తాత ఫొటో ముందు అగరొత్తి వెలిగించి వచ్చి, బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సూర చేప ముక్కలు, వంకాయ ఊరగాయ, మిసో చారు. అతను మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లు అన్నమే పెట్టుకున్నాడు.

చివరికి కూజా అందుకున్నాడు. అడుగున ఒక్క గుక్కే ఉంది. అది గ్లాసులో వంపుకుని తాగేసి, లేచి, కూజా కడిగి, స్టవ్ మీద నీళ్ళు పెట్టి, బార్లీ డబ్బా ఎక్కడుందని నగిసాని అడిగాడు.

తొయోహిస పేపరు దించాడు.

షుంగో తిరిగొచ్చి కూర్చుని, వీపు నిటారుగా పెట్టి, గట్టిగా గాలి పీల్చుకున్నాడు.

"ఆగు" అంది కినుయే. "నువ్వెలాగూ ఒక దెబ్బ వెనకే వస్తావు. నేను ఇస్తాను, నువ్వు అందుకో." చాప్‌స్టిక్స్ పక్కన పెట్టింది. "వచ్చే ఏడు ఆట ముందుండి నడిపేది నగిసా. మంచె మీద షుంగో. నేను వెనక వరసలో చప్పట్లు కొడతాను. పెళ్ళి వసంతంలో. మీ తాత కూడా దారి తప్పకుండానే వచ్చి వెళ్ళాడు, ఆయనకేం అభ్యంతరం ఉన్నట్టు లేదు."

స్టవ్ మీద నీళ్ళు మరగడం మొదలైంది.

షుంగో, నగిసా ఒకేసారి తలలు వంచారు. సరిగ్గా రెండో దెబ్బ మీద.