పగిలిన గొట్టంలో ఊపిరి

ఆ మెకానిక్ చెవులు మామూలు చెవులు కావు. వీధి చివర ఏ కారో దగ్గితే, ఇంట్లో కంచం ముందు కూర్చున్న మనిషి "మూడో ప్లగ్గు పోయింది" అని చెప్పి మరీ ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. అతని చెయ్యి చూడగానే నట్లు భయపడి సగం వదులైపోయేవని కూడా చెప్పుకునేవారు. అందులో కాస్త కోతలు ఉంటే ఉండొచ్చు. చెవుల సంగతి మాత్రం అక్షరాలా నిజం.

అంతటివాడికి సొంత చెల్లెలి కారు కొరుకుడు పడలేదు.

ఆ కారు ఎంతమంది చేతులు మారిందో లెక్కే లేదు. దాని అసలు రంగేమిటో తయారుచేసినవాళ్ళకైనా గుర్తుందో లేదో. ఈ పక్క తలుపు తీస్తే ఆ పక్క తలుపు మూలిగేది. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు బాగానే ఉంటుంది. నిలబెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచామా... రెండుసార్లు వణికి, గుటక మింగినట్టు చప్పుడు చేసి ఆగిపోతుంది. ఇక పెట్రోలంటారా, పోసింది పోసినట్టు తాగేస్తుంది. ఏనుగుని పెంచుకున్నా అంత మేపక్కర్లేదు.

"కొనేముందు నాతో ఒక్కమాట అనొచ్చుగా తల్లీ? ఇంత లావు మెకానిక్ అన్నని పెట్టుకుని, వెళ్ళి వెళ్ళి ఈ డొక్కుని కట్టుకున్నావు."

"నిన్నడిగితే ఏ కారూ కొననివ్వవు అన్నయ్యా. ప్రతిదానికీ ఒక రోగం అంటగడతావు."

"దీనికి ఏ రోగం లేదో అడుగు, చిటికెలో చెప్పేస్తా."

ఆమె నవ్వింది. ఆ నవ్వు వినేసరికి అతని చేతిలో స్పానర్ బరువెక్కింది. చెల్లెలు నవ్వి ఏడాది దాటింది మరి.

ఆమెకో కూతురుండేది. అందరూ పిడుగు అనేవారు. ఆ పిల్ల ఇంట్లో ఉంటే వీధిలో కుక్కలు కూడా పడుకునేవి కావు, అంత గోల. జ్వరం వచ్చింది. పిల్ల పోయింది. అంతే. చెల్లెలి భర్త ఆ ఇంట్లో ఉండలేక వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకున్నాడు. ఆమె కుట్టుమిషన్ మీద దుమ్ము పేరుకుంది. మాట పడిపోయిన మనిషిలా గోడను చూస్తూ కూర్చునేది. అలాంటిది ఈ డొక్కు కారు కొన్నాక మళ్ళీ బట్టలు కుట్టడం మొదలుపెట్టింది. కుట్టినవి తనే కొట్లకి తీసుకెళ్ళి ఇస్తోంది. మాట్లాడుతోంది. అందుకే అమ్మేయమని అతను ఒక్కసారి కూడా అనలేకపోయాడు.

ప్లగ్గులు మార్చాడు. ఫిల్టర్లు మార్చాడు. గాలి లోపలికెళ్ళే దారంతా కడిగాడు. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని నాలుగు చక్రాలూ ఎత్తి చేత్తో తిప్పి చూశాడు. అన్నీ బొంగరాల్లా తిరిగాయి.

"నిజం చెప్పు. ఎక్కడైనా నిలబెట్టి ఊరికే ఆన్‌లో ఉంచుతున్నావా?"

"లేదే!" అంది, అతని మాట పూర్తికాకుండానే.

మెకానిక్‌తో అబద్ధమాడని కారు యజమాని ఇంకా పుట్టలేదు. అతనికది తెలుసు. కానీ ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"నిలబడ్డప్పుడు ఆగకూడదు అన్నయ్యా. నువ్వేం చేస్తావో నాకు తెలీదు. ఆగకుండా చెయ్యి చాలు, నాకింకేమీ వద్దు."

ఆస్పత్రి వరండాలో డాక్టరుతోనూ ఇవే కళ్ళతో మాట్లాడింది. అక్కడ ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. ఇది కారే కదా, దీన్నయినా నిలబెట్టకపోతే నా బతుకెందుకు, అనుకున్నాడు అన్న.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో పనివాళ్ళంతా భోజనాలకి వెళ్ళారు. మబ్బు పట్టి, పట్టపగలే చీకటి కమ్ముకుంది. వాన మొదలవగానే కరెంటు పోయింది. పైన రేకుల మీద చినుకుల మోత. కింద పాత ఆయిల్ వాసన, తడిసిన ఇనుము వాసన. అతను ఇంజిన్ ఆన్ చేసి, మూరెడు రబ్బరు గొట్టం తీసుకున్నాడు. ఒక కొన చెవిలో, రెండో కొన ఇంజిన్ మీద. ఎక్కడైనా గాలి దొంగదారిన లోపలికి పోతుంటే ఆ గొట్టంలో బుస వినబడుతుంది. డాక్టరు గుండె విన్నట్టు, అతను ఇంజిన్ మీద అంగుళం అంగుళం వింటూ వచ్చాడు.

ముందు ఏమీ లేదు. వెనకవైపు, చెయ్యి కూడా సరిగ్గా దూరని చోట, వినబడింది.

బుస కాదు.

వచ్చి... ఆగి... మళ్ళీ వచ్చి...

ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది.

చెయ్యి దూర్చి తడిమాడు. సన్నటి గొట్టం ఒకటి నిలువునా పగిలి ఉంది. హమ్మయ్య, దొరికింది దొంగ! పగులు మీద అరచెయ్యి పెట్టాడు. అక్కడ గాలి చేతిని లోపలికి లాగాలి. ప్రపంచంలో ఏ ఇంజినైనా లాగుతుంది.

ఇది ఊదుతోంది.

వెచ్చగా. చెమ్మగా. పెట్రోలు వాసన లేదు... పాల వాసన. పసిపిల్లలు ముఖం మీద ముఖం పెట్టినప్పుడు వచ్చే వాసన.

అతని వీపు మీద వెంట్రుకలన్నీ సూదుల్లా లేచి చొక్కాకి గుచ్చుకున్నాయి. చెవిలో గొట్టం అలాగే ఉంది. అందులోంచి చాలా దగ్గరగా, చాలా మెల్లగా...

"మూయొద్దు..."

గొట్టం విసిరికొట్టి గోడకి అతుక్కుపోయాడు. ఇంజిన్ రెండుసార్లు వణికింది. గుటక మింగింది. ఆగిపోయింది. వాన తప్ప ఇంకే చప్పుడూ లేదు.

పారిపోయేవాడే. ఇంకెవరి కారైనా దానికి అక్కడే దండం పెట్టి, షెడ్డు అమ్ముకుని సన్యాసుల్లో కలిసిపోయేవాడు. కానీ మణికట్టు మీద చెల్లెలి వేళ్ళు ఇంకా ఉన్నట్టే ఉంది. వాన హోరుకి చెవులు మోసం చేశాయి అనుకున్నాడు. తన చెవులు ఎన్నడూ మోసం చెయ్యవని తెలిసీ అనుకున్నాడు. పగిలిన గొట్టం పీకి, కొత్తది తొడిగి, క్లిప్పులు బిగించాడు. చివరి క్లిప్పు బిగుస్తుంటే లోపల ఏదో సన్నగా దగ్గింది. కళ్ళు మూసుకుని బిగించేశాడు.

కారు వెన్నలా నడిచింది. బానెట్ మీద గ్లాసు పెడితే నీళ్ళు కదల్లేదు. చెల్లెలు వచ్చి, అన్న రెండు చేతులూ, మసితో సహా, కళ్ళకద్దుకుంది.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది.

"అన్నయ్యా... ఆగట్లేదు. బంగారంలా నడుస్తోంది."

"ఎక్కడున్నావ్?"

"కారులోనే. రోజూ కూర్చుంటానుగా... నీకు చెప్పలేదు, తిడతావని." గొంతు మత్తుగా సాగుతోంది. "ఇంజిన్ వేస్తేనే వస్తుంది అది. వెనక సీట్లో. ఊపిరి వినబడుతుంది. ఏదో చెప్పబోతుంది... సరిగ్గా అప్పుడే ఇంజిన్ ఆగిపోయేది. రోజూ అంతే."

అన్న ఫోను చెవికి అదిమిపెట్టాడు. "మన పిడుగా?"

"కాదన్నయ్యా. మన పిడుగు ఊపిరి నాకు తెలీదా? ఇది ఎవరి పిల్లో. పోనీలే... పిల్లే కదా."

అతను మాటలు వినడం మానేశాడు. మాటల వెనక ఇంజిన్ని వింటున్నాడు. ఆరుబయట కారు చప్పుడు చెదిరిపోతుంది. ఇది చెదరడం లేదు. గోడకి కొట్టుకుని, మళ్ళీ గోడకి కొట్టుకుని, తిరిగి తిరిగి అక్కడే ఉంటోంది.

"షెడ్డు షట్టర్ దించి ఉందా?"

"దించే ఉంటుంది రోజూ. పక్కవాళ్ళు చూస్తే పిచ్చిదంటారు... తలనొప్పిగా ఉంది, నిద్రొస్తోంది..."

"తలుపు తియ్యి! కారు ఆపి బయటికి రా! ఒసేయ్, వింటున్నావా? ఆ పొగ ప్రాణం తీస్తుంది!"

"ఉండు..." అంది సంతోషంగా. "మాట్లాడుతోంది..."

ఆ తర్వాత ఇంజినొక్కటే వినబడింది.

అతను వానలో పరుగెత్తాడు. భూమ్మీద ఏ మనిషీ అలా పరుగెత్తి ఉండడు. చెప్పులు ఒకచోట, ఊపిరి ఒకచోట వదిలేసి పరుగెత్తాడు. రోజూ ఆ పొగలో ఆమె కళ్ళు మూతలు పడే వేళకి కారు దానంతటది ఎందుకు ఆగేదో, ఆ పగులుతో ఎవరికి పనిపడిందో, ఎవరు తనని బతిమాలారో, దారంతా తెలుస్తూనే ఉంది. దాన్ని తనే మూశాడు. రెండు క్లిప్పులు వేసి మరీ మూశాడు.

ఆమె ఇంటి వెనక షెడ్డు. షట్టర్ లోపలి నుంచి వేసి ఉంది. లోపల ఇంజిన్ మెత్తగా, హాయిగా, జోలపాటలా నడుస్తోంది. గుద్దాడు. అరిచాడు. పక్కనున్న చిన్న తలుపు వైపు తిరిగాడు.

ఆమె ఆ తలుపు బయట, తడి గడ్డిలో పడి ఉంది.

ఒళ్ళోకి లాక్కున్నాడు. దగ్గింది. కళ్ళు తెరిచింది. బతికే ఉంది. ఆ క్షణాన అతను ఏడ్చిన ఏడుపుకి వాన కూడా సిగ్గుపడి ఆగింది.

"ఎలా వచ్చావే బయటికి?"

"తెలీదు... 'అమ్మా, పో' అంది. అంతే గుర్తుంది." ఆమె చటుక్కున లేచి తలుపు మీద పడింది. "ఊపిరాడట్లేదంది అన్నయ్యా! తెరువు! లోపలుంది!"

తోశాడు. తలుపు రాలేదు.

లోపల గడియ పెట్టి ఉంది.

పై గడియ కాదు. చెక్కల సందులోంచి చూస్తే తెలిసింది... కింద, మోకాలి ఎత్తున ఉండే చిన్న గడియ.

"తియ్యి తల్లీ," అంటూ చెల్లెలు ఆ చెక్కల మీద చెంప ఆనించింది. "తియ్యమ్మా... నేనున్నాగా..." ఒకసారి ఆస్పత్రిలో కూతురిని ఊపిరి తియ్యమంటూ పలికిన మాటలే, అదే గొంతుతో. లోపల ఇంజిన్ వణికింది. ఒకసారి. రెండోసారి. గుటక మింగింది.

ఆగిపోయింది.

తలుపు పగలగొట్టేసరికి చీకటి పడింది. పొగంతా పోయేదాకా ఆమెను గట్టిగా పట్టుకుని ఆపాల్సివచ్చింది. టార్చి వేసి చూశాడు. వెనక సీట్లో ఎవరూ లేరు. ఎక్కడా ఎవరూ లేరు. కొత్త గొట్టం బిగించినట్టే ఉంది, క్లిప్పులు చెక్కుచెదరలేదు. వదిలించి అరచెయ్యి పెట్టాడు. లాగలేదు. ఊదలేదు. చల్లగా ఉంది.

చెల్లెలు డ్రైవరు తలుపు దగ్గర నిలబడి లోపలికి చూస్తోంది. అతనూ వచ్చి చూశాడు.

డ్రైవరు సీటు స్టీరింగ్‌కి ఆనేదాకా ముందుకి జరిపి ఉంది. చెల్లెలు మళ్ళీ అందులో కూర్చోడానికి కాలు కూడా పట్టనంత ముందుకి.

దాన్ని వెనక్కి జరపబోయాడు. జరగలేదు. పిడి పట్టుకుని, బలమంతా పెట్టి లాగాడు.

వెనక సీట్లోంచి ఎవరో కాళ్ళు తన్నిపెట్టి ఆపుతున్నట్టు, సీటు అంగుళం వెనక్కి వచ్చి... మళ్ళీ మెల్లగా ముందుకే పోయింది.