నా రాయి ఎవరు పీకారు?

రాయి లేదు.

ఆమె బ్రేకులు నొక్కి, సైకిల్ దిగి, మళ్ళీ చూసింది. మొన్న ఆదివారం దాకా మోకాలెత్తు బండ పళ్ళికిలించుకుని కూర్చున్న చోట ఇప్పుడు నున్నటి మట్టి. పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, చంటిబిడ్డను పడుకోబెట్టొచ్చు అన్నంత చక్కగా చేసి పెట్టారెవరో.

ఆ ఎవరో పక్కనే పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెచ్చుకోలు కోసం ఎదురుచూసేవాడి ముఖం.

"ఇక్కడ రాయి ఏదండీ?"

"తీసేశానండీ."

"ఎవరు తియ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు. నాకే తోచింది." నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

"తోచిందా? ఇంకా ఏమేం తోచాయి? పనిలో పనిగా కొండ కూడా చదును చేసేద్దామని తోచలేదా?"

"అది కాదండీ, ఇక్కడ అందరూ పడుతున్నారని..."

"అందరూ ఎక్కడ పడ్డారు? నేను పడ్డాను. నన్ను పడేసిన రాయి. అది నాదీ, దానిదీ గొడవ. మధ్యలో మీరెవరు?"

అతను పార నేలకి ఆనించాడు. మంచి చేశాననుకునేవాడి దగ్గర ఎప్పుడూ జవాబు ఉండదు. చెడ్డపని చేసినవాడైతే కనీసం ఒక సాకు తయారుగా పెట్టుకుంటాడు.

అదేమంత పెద్ద కొండ కాదు. నీళ్ళ ట్యాంకు వెనక మూపురంలా ఉంటుంది. సైకిళ్ళ పిచ్చివాళ్ళు కొందరు సెలవు రోజుల్లో పలుగూ పారా పట్టి దాని మీద ఐదు బాటలు వేసుకున్నారు. స్థలం తక్కువ, ఆశ ఎక్కువ. అందుకని బాటలన్నీ పిల్లి ఆడుకున్న దారపుండలా చిక్కుపడి, ఏది పట్టుకున్నా కాసేపట్లో చుట్టు తిరిగి పాత పంపుషెడ్డు దగ్గరికే తెచ్చి పడేస్తాయి. ఆ కొండ మీద ఒకరి కంటపడకుండా ఇంకొకరు తిరగడం దేవుడి వల్ల కాదు.

ఐదింటిలో కష్టమైన బాట పేరు 'అత్తగారు'. ఎంత ఒద్దికగా నడుచుకున్నా ఏదో ఒక వంక పెట్టి కింద పడేస్తుంది గనక ఆ పేరు. అత్తగారి నడిమధ్య ఉన్న బండకి 'జ్ఞానదంతం' అని పేరు పెట్టింది ఆమే. పళ్ళ ల్యాబులో ఆమె పని. ఎవరెవరివో దవడల అచ్చులు ముందేసుకుని, చిన్న మోటారుతో అరగదీస్తూ తొడుగులు చేస్తుంది. ఎండాకాలంలో ఆ జ్ఞానదంతం మీద నుంచే పడి మెడ కింద ఎముక విరగ్గొట్టుకుంది. చెయ్యి మెడకు వేలాడేసుకుని ఇంట్లో కూర్చుంది. సైకిల్ గోడకి చేరబడింది.

కట్టు విప్పిన రోజు నాన్న ఒక్క మాటే అన్నాడు. "అమ్మెయ్."

నాన్న లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాడు. మాటలు కూడా తూచే వదులుతాడు. భార్య పోయాక ఆ తూకం మరీ తగ్గింది. ఆమె పోట్లాడింది, అలిగింది, అన్నం మానేసింది. చివరికి ఒప్పందం కుదిరింది. నాన్న కొండకి వస్తాడు. ఆమె ఆ రాయి ఆయన కళ్ళముందు ఒక్కసారి దాటాలి. దాటితే సైకిల్ సంగతి ఇక ఎత్తడు. దాటలేకపోతే అమ్మెయ్యాలి.

ఆ రోజు రేపు.

"రేపు మా నాన్న వస్తున్నాడు, తెలుసా మీకు?" అంది. విషయమంతా చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది.

అతను విన్నాడు. తల గోక్కున్నాడు. గోళ్ళ సందుల్లో తెల్ల సిమెంటు. టైల్స్ పరవడం అతని వృత్తి. జేబులో ఎప్పుడూ రసమట్టం ఉంటుంది గనక కొండ మీద అందరూ అతన్ని రసమట్టం అనే పిలుస్తారు. ఎక్కడికెళ్ళినా ముందు నేల వాలు చూస్తాడు, తర్వాత మనుషుల్ని చూస్తాడు.

"మీ నాన్నగారు ఆ రాయిని ఎప్పుడైనా చూశారా?"

"లేదు."

"మరింకేం. ఇలాగే దాటెయ్యండి. ఇదే రాయి అనుకుంటారు. సైకిల్ దక్కుతుంది."

ఆమె సైకిల్‌ని అతనికీ తనకీ మధ్యకి లాక్కుంది.

"మా నాన్నకి దొంగ తూకం వెయ్యమంటున్నావా?" మీరు నువ్వయింది. "ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టుకునేది అలాంటివాళ్ళనే. నన్ను కూడా వాళ్ళలో కలిపేద్దామనా? సాయంత్రంలోగా నా రాయి దాని చోట ఉండాలి. నీ ముఖం మాత్రం నాకు కనబడకూడదు."

సైకిల్ ఎక్కి 'పాము' అనే బాట పట్టి విసురుగా పోయింది. పాము వంకర్లు తిరిగి పంపుషెడ్డు దగ్గర వదిలింది. ఎదురుగా రసమట్టం, గునపం భుజాన వేసుకుని వస్తున్నాడు.

ముఖం తిప్పుకుని ఇంకో బాటలో దూరింది. అదీ పంపుషెడ్డుకే వచ్చింది. ఈసారి అతను చేతుల్తో ముఖం కప్పుకుని నిలబడ్డాడు.

"ఏమిటా వేషం?"

"కనబడొద్దన్నారుగా."

నవ్వొచ్చింది. పళ్ళ మధ్య నొక్కి పట్టింది. కోపంలో ఉన్న మనిషికి నవ్వు రావడం కంటే అవమానం ఇంకోటి లేదు.

"రాయి దొరికిందా?"

"దొరికింది. దొర్లించినప్పుడు కిందకి తేలిగ్గానే పోయింది. పైకి రానంటోంది. ఇంకొకరు చెయ్యి వెయ్యాలి."

"పీకినప్పుడు ఒక్కడివే సరిపోయావుగా."

"పీకడం తేలికండీ."

ఇద్దరూ తుప్పల్లోకి దిగారు. అతను గునపంతో ఎత్తుతుంటే ఆమె వెనక చిన్న రాళ్ళు దోపింది. జానెడు జానెడుగా ఎక్కించారు. చినుకులు మొదలయ్యాయి. అతని కనురెప్పల మీద దుమ్ము తడిసి బురదయింది. ఆమెకది కనబడింది. కనబడినందుకు అతని మీదే కోపమొచ్చింది.

"ఇంతకీ ఎందుకు పీకావు? నిజం చెప్పు."

అతను గునపం వదల్లేదు. "ఆ రోజు మీ వెనకే వస్తున్నాను. ఆ ఎముక చప్పుడు నేను విన్నాను. ఎండు పుల్ల విరిగినట్టు. తర్వాత ఎక్కడ టైలు పగిలినా అదే వినపడేది. నా పనిలో రోజూ ఏదో ఒకటి పగుల్తుంది."

ఆమె ఇంకో రాయి దోపింది.

"ఆ మాట నాకు చెప్పాలి," అంది కాసేపటికి. "రాయికి కాదు."

బండని గుంటలోకి దించాక అతని చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. రసమట్టం తీసి రాయి మీద పెట్టాడు.

"అది తీసెయ్. ఎడమకి వాలాలి."

"వాలితే జారతారండీ."

"జారకపోతే అదెందుకక్కడ? ఇంకా వాల్చు. ముందువైపు కొంచెం పైకి. చాలు. లేదు, వెనక్కి. పన్ను ఎత్తులో వెంట్రుకవాసి తేడా వస్తే నోరు ఒప్పుకోదు. రోజూ చేసే పని నాకు తెలీదా?"

"ఇంత వంకరగా నా జన్మలో ఏదీ పెట్టలేదు," అన్నాడు అతను. నిజంగానే బాధపడ్డాడు.

మర్నాడు పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. కాలి బొటనవేలితో రాయిని నొక్కి చూశాడు.

"ఇదేనా?"

"ఇదే."

"ఊఁ."

రసమట్టం కాస్త ఎడంగా ఒక మొద్దు మీద కూర్చున్నాడు. ఆమె పైకి నడిచింది. మలుపు దగ్గర సైకిల్ ఎక్కింది. బ్రేకులు వదిలింది.

ముందు చక్రం రాయెక్కింది. వెనక చక్రం ఎక్కలేదు. ఎడమకి జారి, ఆమె ఒక పక్క, సైకిల్ ఒక పక్క తుప్పల్లో పడ్డారు.

పడి ఉన్నచోటు నుంచే చూసింది. రసమట్టం సగం లేచాడు. ఆగాడు. మళ్ళీ కూర్చున్నాడు. తన చేతుల్ని తనే నమ్మలేనట్టు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి కూర్చున్నాడు. లేవలేదు.

ఆమె కోపం అక్కడ వంగింది. విరగలేదు, వంగింది.

లేచి బట్టలు దులుపుకుంది. మోచెయ్యి గీరుకుపోయింది. అంతే.

"ఇంతేనా?" అన్నాడు నాన్న.

"ఏమిటింతేనా?"

"పడ్డం. ఇంతేనా?"

"ఇంతే."

నాన్న చాలాసేపు ఆ తుప్పల వంక చూశాడు. "ఆ రోజు నాకు ఫోనొచ్చింది. వెళ్తే కట్టు కనబడింది. పడ్డం నేను చూళ్ళేదు. అందుకని అప్పట్నుంచీ రోజూ పడుతూనే ఉన్నావు నాకు. ఒక్కోసారి ఇంకా ఎత్తు నుంచి. లేవడం మాత్రం ఎప్పుడూ కనబడలేదు."

ఆమె మోచేతి మీద మట్టి తుడుచుకుంది. "పందెం ఓడాను," అంది.

"ఓడావు."

"అమ్మేస్తాను."

"ఎవరికి?"

"ఎవరికో ఒకరికి."

"వాడు పడతాడు. ఊళ్ళోవాళ్ళ ఎముకల పాపం మనకెందుకు. ఉంచుకో."

అంతకంటే తూచడని ఆమెకి తెలుసు. సైకిల్ లేపుకుని మళ్ళీ పైకి నడిచింది. పందెం అయిపోయింది. రాయి ఇంకా ఉంది.

చిన్న కొండ. కింద మాటలు పైకి వినబడతాయి.

"రాయి పీకింది నువ్వేనా?" నాన్న గొంతు.

"నేనేనండీ. తప్పయింది."

"నిన్న సాయంత్రం నుంచీ మా ఇంట్లో నీ ఊసే. తిట్లేలే. నీ నడక, నీ నవ్వు, నీ గోళ్ళలో సిమెంటు, కంటి రెప్పల మీద బురద. అన్ని తిట్లు తిట్టాలంటే మనిషిని బాగా చూసి ఉండాలి."

ఆమె చెవులు మండిపోయాయి. ఇంకో ముక్క వినడం కంటే పడి చావడం నయమని పెడల్ తొక్కింది. ముందు చక్రం ఎక్కింది. ఒళ్ళంతా వెనక్కి వాల్చింది. వెనక చక్రం బండని పట్టుకుంది, గీరింది, ఎక్కింది. గాలి. మట్టి. నిలబడే ఉంది.

"చూశావా నాన్నా?"

నాన్న వెనక్కి తిరిగాడు. "ఏమిటి?"

"దాటాను."

"చూళ్ళేదే. ఇతనితో మాట్లాడుతున్నా."

"ఎండాకాలం నుంచీ దీనికోసం చస్తున్నాను. నువ్వొచ్చింది దీనికోసం. సరిగ్గా ఇప్పుడే నీకు ముచ్చట్లు కావాల్సి వచ్చాయా?"

"నేను చూశాను," అన్నాడు రసమట్టం. చేతులింకా తొడల కిందే. "ఎక్కేటప్పుడు నాలిక కొంచెం బయటికొచ్చింది. ఎడమ పక్కకి."

"నువ్వు చూసింది రాయినా, నన్నా?"

"రాయిలో చూడ్డానికేముందండీ? నేనే పెట్టాను."

ఆమె వంగి సైకిల్ చైను చూసుకుంది.

నాన్న దగ్గాడు. "అబ్బాయ్, మా స్నానాలగది నేల వాలు తప్పింది. నీళ్ళు గుమ్మంలోకి వస్తున్నాయి. సాయంత్రం వచ్చి చూడు."

"వస్తానండీ."

"వెట్టిచాకిరికి పిలుస్తున్నావా నాన్నా?"

"వాలు చూడ్డం ఎంతసేపు? తర్వాత కూర్చుంటాడు. నువ్వు తిట్టాల్సినవి అతని మొహానే తిట్టొచ్చు. నాకు చెవులు నొప్పెడుతున్నాయి." నాన్న చొక్కా సర్దుకుని, ఎవరికోసమూ ఆగకుండా కిందికి దిగిపోయాడు.

ఆమె అతని వంక చూసింది. అనవలసినవి చాలా ఉన్నాయి. సాయంత్రానికి దాచుకోవాలనిపించింది.

"ఆరింటికల్లా రా," అంది, సైకిల్ తిప్పుకుంటూ. "ఆలస్యమైతే తలుపు తియ్యను."

అతను చేతులు బయటికి తీశాడు. రెండూ తిమ్మిరెక్కి, తన సైకిల్ హ్యాండిల్ పట్టుకోవడానికి కూడా పనికిరాకుండా ఉన్నాయి.