చూద్దాంగారి టెస్టు

“ఈ ఫ్లోరు ఉంచొచ్చా, లేదా? ఒక్క మాట చెప్పండి చాలు,” అంది ఆర్కిటెక్టు.

“చూద్దాం,” అన్నాడు ఇంజినీరు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. మూతపడిన నూలు మిల్లును లైబ్రరీగా మార్చే పని మొదలైనప్పటి నుంచీ ఆయనగారి నోట వచ్చింది ఆ ఒక్క ముక్కే. గోడలు నిలుస్తాయా? చూద్దాం. కిటికీలు ఇలాగే వదిలేద్దామా? చూద్దాం. కాఫీ తాగుతారా? దానికీ చూద్దామే! సైటులో అందరూ అతన్ని చూద్దాంగారనే పిలుస్తున్నారు. ఆ పేరు పెట్టిన పుణ్యం ఆమెదే.

ఒకప్పుడు మెషీన్లు మోసిన పై అంతస్తు చెక్క నేల మీద ఆమె పెద్ద రీడింగ్ హాలు గీసుకుంది. డిజైనుకి ప్రాణం అదే. అతను ఒప్పుకోకపోతే ఆ చెక్కంతా పీకేసి కాంక్రీటు పోసేస్తారు.

ఇంటికెళ్లి కడుపులో ఉన్నదంతా కక్కేస్తే అమ్మ నవ్వింది. “రోజూ అతని మీదే చాడీలా? ఒక్కరోజన్నా ఇంకెవర్నైనా తిట్టవే తల్లీ!”

“అమ్మా, నువ్వూ మొదలెట్టకు.”

చివరికి ఇంజినీరు టెస్టు పెట్టాడు. పై అంతస్తు నిండా డ్రమ్ములు పేర్పించి నీళ్లు నింపించాడు. కింద ఒక్కో దూలానికీ ఒక్కో మీటరు బిగించాడు. దూలం వంగితే మీటరులో ముల్లు కదులుతుంది. మర్నాడు పొద్దున్నే ఆమె పరుగున వచ్చి చూసేసరికి ముల్లు బాగా పక్కకి జరిగి ఉంది. అక్కడే ఉన్న అతని మీద విరుచుకుపడింది.

“వంగింది! ఇప్పుడు తృప్తిగా ఉందా? మీకు చెక్క మీదా నమ్మకం లేదు, మనుషుల మీదా లేదు. కుదరదని ముందే చెప్పేస్తే ఆ హాలు మీద ఇన్ని ఆశలు పెట్టుకునేదాన్నే కాదు!”

అతను కంగారుపడ్డాడు.

“అయ్యో, బరువు పెడితే వంగుతుంది మేడమ్. అది తప్పు కాదు. బరువు తీశాక మళ్లీ పైకి లేస్తుందా అన్నదే అసలు టెస్టు.”

“లేస్తుందా?”

“చూ...” ఆమె చూపు చూసి మిగతాది మింగేశాడు.

డ్రమ్ములు ఖాళీ చేయించేసరికి బయట వాన అందుకుంది. ఇద్దరూ ఒకే మీటరు ముందు తలలు దగ్గరికి చేర్చి నిలబడ్డారు. ముల్లు బద్ధకంగా వెనక్కి నడిచింది. ఆగుతూ, కదులుతూ దాదాపు మొదటి చోటికే వచ్చేసింది.

“ఉంచుకోండి మీ ఫ్లోరు,” అన్నాడు.

ఆమె మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

“ఇంకో టెస్టు కూడా అయిపోయింది,” అన్నాడతను.

“ఈ బిల్డింగులో ఇంకేం మిగిలిందండీ బాబూ!”

“బిల్డింగుకి కాదు, నాకు. ఇన్ని నెలలుగా మీరు తిడుతున్నారు. సాయంత్రానికి బాగా వంగిపోతున్నాను. పొద్దున మిమ్మల్ని చూడగానే మళ్లీ మామూలైపోతున్నాను. ఇక నాకు అనుమానం లేదు. మిమ్మల్ని ప్రేమిస్తున్నాను.”

ఆ మనిషి తన మనసులో మాట తేల్చి చెప్పడం ఆమె వినడం అదే మొదలు. సంతోషంతో పాటు మళ్లీ ఒళ్లు మండింది.

“అది తెలియడానికి ఇన్నాళ్లా? మా అమ్మకి ఎప్పుడో తెలిసిపోయింది!”

“మరి... మీరేమంటారు?”

“ఆదివారం ఇంటికి రండి. కాఫీ తాగుతారా అని అమ్మ అడుగుతుంది. అప్పుడు గానీ మీరు...”

“తాగుతాను,” అన్నాడు అతను, ఆమెని మాట పూర్తి చెయ్యనివ్వకుండా.