నెల్లికాయలో మందు

యతీశ్ కొత్త షర్టు తొడుక్కొచ్చిన రోజే, బేరిగై నుంచి సూళగిరి పోయే బస్సులో లక్ష్మీప్రియ దాని మీద వాంతి చేసుకుంది.

వాన తుంపరకు కిటికీలన్నీ మూసేశారు. ప్రియకు కడుపులో తిప్పడం కొత్త కాదు. ఫ్యాక్టరీలో తెల్లటి లైట్ల కింద చిన్న చిన్న పార్టులు బిగించే పని ఆమెది. వారంలో సగం రోజులు ఇదే అవస్థ. ఆ రోజు కిటికీ తెరవబోయి, అందక, పక్కన నిలబడ్డ మనిషి వైపు తిరిగింది. అంతే.

"సారీ అన్నా," అంది తలెత్తలేక.

"షర్టు పోతే పోయింది. ఆ అన్నా అనేది మాత్రం వెనక్కి తీసుకో," అన్నాడతను.

అంత నీరసంలోనూ ఆమెకు నవ్వొచ్చింది.

మర్నాడు ఉప్పు, కారం చల్లిన నెల్లికాయలు, అంటే ఉసిరికాయలు, పొట్లం కట్టించుకొచ్చాడు. "ఒకటి నోట్లో పెట్టుకో. ఈ షర్టు కూడా కొత్తదే."

అతను పక్క ఫ్యాక్టరీలో మెషిన్ మెకానిక్. ఆ రోజు నుంచి ఆమెకు కిటికీ సీటు పట్టి ఉంచడం, నెల్లికాయ ఇవ్వడం అతని డ్యూటీలో భాగమయ్యాయి. బుగ్గన కాయ పెట్టుకుని ప్రియ బయటికి చూసేది. గులాబీ తోటల మీద మబ్బు దిగేది. కాయ తిన్నాక తాగిన నీళ్లు తియ్యగా ఉండేవి. తల తిప్పితే అతని చూపు, తిప్పకపోతే అద్దంలో అతని చూపు. కడుపులో తిరిగేదేదో, గుండెలో తిరిగేదేదో ఆమెకే తెలియకుండా పోయింది.

పక్కింటి పాపక్కకు మాత్రం అన్నీ తెలుసు. ఆమె కూడా అదే బస్సులో వెనక సీట్లో కూర్చునేది.

"మారెమ్మా, నీ కూతురికి ఎవరో మందు పెట్టినారు," అని ఒక సాయంత్రం వచ్చి చెప్పింది.

మందు పెట్టడమంటే, మనసు తమ వైపు తిప్పుకోవడానికి తినేదాంట్లో తెలియకుండా ఏదో కలిపి ఇవ్వడం. అది కడుపులో కూర్చుని అన్నం నిలవనివ్వదని అక్కడివాళ్ల నమ్మకం. అట్లా మందు పెట్టినాడని పేరుపడిన మనిషి చేతి నీళ్లు కూడా ఎవరూ తాగరు. ఊత్తంగరై అవతల ఒకాయన పసరు తాగించి ఆ మందు కక్కిస్తాడట.

"ఎవరిచ్చింది తింటివే?" అంది మారెమ్మ.

"నెల్లికాయేనమ్మా."

"ఏమిచ్చినాడని కాదు, ఎవరిచ్చినాడని అడిగింది."

ప్రియ చెప్పక తప్పలేదు.

"అయితే వాడే. రేపే ఊత్తంగరై పోదాం. ఇంక ఆ పనీ వద్దు, ఆ బస్సూ వద్దు."

ప్రియ నవ్వలేకపోయింది. ఎందుకంటే ఆమెకూ ఏదో ఓ మూల అనుమానమే. అతను కనబడితే తల తిరగడం, మాట తడబడడం ఉత్తినే వస్తాయా? నిజంగా పెట్టాడేమో. పెట్టుంటే, కక్కించాక ఇదంతా పోతుందేమో. వాంతుల కంటే ఆ ఆలోచనే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

పొద్దున బస్టాపులో మారెమ్మ నేరుగా అతని ముందుకు పోయి నిలబడింది. "ఏమప్పా, నా కూతురికి ఏం పెట్టినావు? కక్కించేకి ఊత్తంగరై పోతా ఉండాం."

యతీశ్‌కు ఒక్క క్షణంలో అర్థమైంది. మొహం పాలిపోయింది.

"అమ్మా, నా మీద కోపముంటే ఉండనీ. పసరు తాగిస్తే ఉండే బలం కూడా పోతాది. క్రిష్ణగిరి దారిలోనే ఉంది గదా, ఆడ దిగి డాక్టరుకు చూపించు. డాక్టరు మందుకు తగ్గకపోతే నేనే ఊత్తంగరై వస్తాను. నాకూ కక్కించు."

మారెమ్మ కూతురి వాడిపోయిన మొహం చూసింది. "సరే. తగ్గేదాకా నువ్వు దీని కంట్లో పడకూడదు."

"పడనమ్మా," అని అతను ప్రియ వైపు చూడకుండానే వెళ్లిపోయాడు.

క్రిష్ణగిరి ఆసుపత్రిలో డాక్టరమ్మ మారెమ్మను కాసేపు బయట కూర్చోబెట్టి, తల్లి ముందు అడగలేనివి ప్రియను అడిగింది. పరీక్షలు చేయించింది. రిపోర్టులు చూశాక ఇద్దరినీ పిలిచింది.

"తల నొస్తుందా?"

"అది అందరికీ వచ్చేదే గదా డాక్టర్."

"ఒక పక్కే వస్తుందా? లైటు చూస్తే ఎక్కువవుతుందా?"

ప్రియ ఆశ్చర్యపోయింది. ఇంతవరకు ఆమె చెప్పనూ లేదు, ఎవరూ అడగనూ లేదు.

"మైగ్రేన్. వాంతి దాంతో వచ్చేదే. పొద్దున తినకుండా పనికి పోవద్దు. నిద్ర చెడగొట్టుకోవద్దు. ఈ మాత్రలు వాడి మళ్లీ రా. ఇంకేమైనా ఉందా?"

ఉంది అనబోయి, పక్కన అమ్మ ఉండేసరికి ప్రియ ఊరుకుంది.

వానలు ముదిరేసరికి వాంతులు బాగా తగ్గాయి, మారెమ్మ ప్రియను మళ్లీ పనికి పోనిచ్చింది. యతీశ్ ముందు బస్సుకు మారిపోయాడు. ప్రియ సీటు పక్కన ఎవరెవరో నిలబడేవారు. కడుపు కుదుటపడింది కానీ మిగతాది కుదుటపడలేదు. అతను కనబడకపోయేసరికి ఇంకా ఎక్కువైంది. దిగులుగా ఉండాల్సింది పోయి ఆమెకు సంతోషం వేసింది. అయితే ఇది ఎవరో పెట్టింది కాదు, తనదే.

"అమ్మా, వాంతి పోయింది. ఆయప్ప మాత్రం మనసులోనుంచి పోలేదు," అంది ఒక సాయంత్రం జొన్నరొట్టె తుంచుతూ.

మారెమ్మ పొయ్యి వైపు తిరిగి ఇంకో రొట్టె పెనం మీద వేసింది.

మర్నాడు గొడుగు తీసుకుని, కూతురిని వెంటబెట్టుకుని ముందు బస్సుకే వచ్చింది. అంగడి చూరు కింద యతీశ్ నిలబడి ఉన్నాడు. చేతిలో పొట్లం.

"అమ్మా, ఇవి నాకే. ఎవరికీ ఇయ్యను," అన్నాడు కంగారుగా.

మారెమ్మ చెయ్యి చాపింది. "ఒకటి ఇట్లియ్యి."

"నా చేత్తో ఇస్తే తింటావా?"

"అందుకే గదా అడిగేది."

ఆ కాయను ఆమె అందరూ చూస్తుండగా నమిలింది. పులుపుకు కళ్లు మూసుకుపోయాయి. గింజ ఊసేసి అంది: "ఆదివారం ఇంటికి రా. నేను వండింది నువ్వూ తినల్ల. భయమైతే ఇప్పుడే చెప్పు."

"భయమేమీ లేదత్తా."

ఆ పిలుపు జారిపోయాక అతను నాలుక కరుచుకున్నాడు. మారెమ్మ విననట్టే గొడుగు విప్పుకుని ఇంటిదారి పట్టింది.

బస్సులో ప్రియ కిటికీ పక్కన కూర్చుంది. "అత్తా అంటివే. నన్ను అడిగినావా?"

"నువ్వు అన్నా అన్న దినమే అడిగినాను గదా."

ప్రియ నవ్వు దాచుకోవడానికి బయటికి తిరిగి, అతని వైపు అరచెయ్యి చాపింది. అతను నెల్లికాయ పెట్టాడు, తన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. వానలో బస్సు మలుపు తిరిగింది. ప్రియకు కడుపులో ఏమీ తిప్పలేదు. తల మాత్రం హాయిగా తిరిగింది.