బావి దగ్గర కట్టు కట్టేవాడు

ఈ కథను నేను విన్న వరుసలోనే చెబుతున్నానా అన్నది నాకే అనుమానం. విని చాలా కాలమైంది. కొన్ని మాటలు నావే అయి ఉండవచ్చు. ఆ పాడుబావికి చెడ్డపేరు ఉన్న సంగతి మాత్రం నిజం.

అది నేల మీది బావి కాదు—కంప్యూటర్లో ఆడే ఒక యుద్ధపు ఆటలోది. తుపాకులు, మైదానాలు, నియమాలు అన్నీ ముందే కూర్చి అమ్మే రెడీమేడ్ సర్వర్ ప్యాకేజీ కొని, ఒకతను తన మిత్రబృందం కోసం ఆ ఆటస్థలాన్ని నిలబెట్టాడు. అతను పోయాక దాని బాధ్యత, కళ్లద్దాల దుకాణంలో పనిచేసే అతని అక్క మీద పడింది.

ఒక మధ్యాహ్నం, ఆ బృందంలో పిడుగు అని పిలిచే కుర్రాడు ఫోన్ చేశాడు.

“అక్కా, ఆటలో చీకటి పడితే బావి వైపు ఎవరూ పోవట్లేదు. అక్కడ... అన్న తిరుగుతున్నాడు.”

“ఏ అన్న?”

“మన అన్నే. చేతిలో తుపాకీ లేదు. దెబ్బ తగిలినవాళ్లకు కట్టు కట్టి వెళ్లిపోతాడు. మాట్లాడడు.”

“నువ్వేం చేశావు?”

“పరిగెత్తాను. అక్కడ చస్తే మళ్లీ పుడతాం, అయినా ప్రాణభయమే. నవ్వకక్కా.”

ఆమె నవ్వలేదు. దుకాణం వెనకగదిలో కంప్యూటర్ తెరిచింది. బయట ఎండ... ఆటలో అర్ధరాత్రి. బావి చుట్టూ మంచు. ఎవడో దూరం నుంచి కాల్చాడు—ఆమె సైనికుడు కూలిపోయాడు.

అడుగుల చప్పుడు.

నీలి కోటు, భుజం మీద ఎర్రగీత—తమ్ముడు ఏరికోరి పెట్టుకున్న వేషం. అతను వంగాడు. కట్టు కట్టాడు. చీకట్లో కలిసిపోయాడు.

ఆమె ప్యాకేజీ అమ్మినాయనకు ఫోన్ చేసింది.

“దెయ్యం కాదండీ,” అన్నాడాయన. “ప్యాకేజీతో వచ్చే బాట్—తనంతట తానే ఆడే బొమ్మ. సర్వర్ నడిపేవారు చాన్నాళ్లు రాకపోతే, వారి వేషంలో అది తిరుగుతుంది. అందరూ మొదట్లోనే తీయించేస్తారు. మీ తమ్ముడుగారు మాత్రం ఉంచమన్నారు. తుపాకీ తీయించి, కట్లు ఇప్పించారు.”

“ఎందుకట?”

“‘నేను రాలేకపోతే వీళ్లకు తోడెవరు’ అన్నారు.”

“ఎప్పుడు?”

“వానలు మొదలైన కొత్తలో.”

ఆ వానల్లోనే ఇంటిల్లిపాదీ కూడబలుక్కుని అతని దగ్గర జబ్బు పేరు దాచారు. ‘ఉత్త నీరసంరా, తగ్గిపోతుంది’ అని రోజూ చెప్పింది తనే. చివరిదాకా... నమ్మినట్టే తలూపాడు.

“తీసేయమంటారా, అమ్మా?”

“వద్దు. ఉండనివ్వండి.”

ఆమె మళ్లీ బావి దగ్గరకు వెళ్లింది. అతను వచ్చాడు. బొమ్మకు చదవడం రాదని తెలిసీ, తెర మీద చాలాసేపు ఏదో రాసింది.

ఏం రాసిందో నాకు చెప్పింది. అది తమ్ముడికి రాసినది; ఇక్కడ కావాలనే వదిలేశాను.