కామెతాని గారి పాట

"నువ్వు పాట పాడాలి," అన్నాడు చీఫ్ షిందో.

ఏజెంట్ మిబు నోటిదాకా వచ్చిన పాముచేప ముక్క అక్కడే ఆగిపోయింది. "మనిషిని లేపెయ్యమంటే అర్థముంది సార్. పాటేమిటి?"

"కరోకే."

మిబుకి లోకంలో నచ్చినవాటికంటే నచ్చనివే ఎక్కువ. పడవలు, కన్నీళ్ళు, వదిలేసి పోయిన ప్రియుళ్ళు తప్ప ఇంకో ముక్క ఉండని పాతకాలపు పాటలంటే అతనికి వెగటు. మధ్యాహ్నం పూట కాఫీ షాపుల్లో చేరి ఆ పాటలు పాడుకునే ముసలివాళ్ళంటే అంతకంటే వెగటు.

"షిప్‌యార్డ్ ఇంజనీర్ నిషిగోరి మన కొత్త సబ్‌మెరైన్ ప్రొపెల్లర్ డిజైన్ కొట్టేశాడు," అన్నాడు చీఫ్. "ఆ డిజైన్ దొరికితే చాలు, చప్పుడు బట్టి శత్రువులు దాన్ని సముద్రంలో ఎక్కడున్నా పట్టేస్తారు. మైక్రోఫిల్మ్ గొంతుమాత్రల డబ్బాలో దాచాడు. ఈ మధ్యాహ్నం రేవు దగ్గర 'కామొమె' అనే కరోకే షాపులో విదేశీ ముఠా చేతికి ఇస్తాడు."

"ముఠాలో ఎవరికి?"

"మొహం వాడికీ తెలీదు. 'ను' అక్షరంతో మొదలయ్యే పాట ఎవరు పూర్తిగా పాడితే వాళ్ళకి ఇవ్వాలి. అదే కోడ్. 'న' అయితే ప్రతి ముసలాడూ పాడతాడు, మన భాషలో కన్నీళ్ళంటే 'నమిద', ఆ పాటలన్నీ 'న'లోనే కదా. 'ను' పాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ముఠావాళ్ళకి బుర్రుంది."

"బుర్రుంటే కరోకేకి ఎందుకొస్తారు సార్?"

చీఫ్ ఆ మాట పట్టించుకోలేదు. "ముఠా పంపే కొరియర్ మూడింటి ఫెర్రీలో దిగుతాడని సయోకో చెప్పింది. మనవాళ్ళంతా రేవులో కాపుంటారు. ఈలోగా షాపులో నువ్వు పాడేసి డబ్బా తీసుకో."

సయోకో హోటల్లో పాడే గాయని. మహా అందగత్తె. డబుల్ ఏజెంట్. రెండు వైపులా జీతం తీసుకుని రెండు వైపులా ఒకే చిరునవ్వు నవ్వుతుంది. ఆవిడ మాట నమ్మే చీఫ్‌ని చూస్తే మిబుకి జాలి కూడా వెయ్యలేదు.

"ఆ సబ్‌మెరైన్‌లోనే కదూ మీ తమ్ముడు?" అన్నాడు చీఫ్.

మిబు ప్లేటు పక్కకి నెట్టేశాడు. తమ్ముడు యసుహిదె అందులో వంటవాడు. మిబు ఈసడించుకోని మనిషి భూమ్మీద వాడొక్కడే, ఆ ఒక్కడూ నీళ్ళ కిందే ఉంటాడు.

"పాడతాను," అన్నాడు మిబు.

నెరిసిన విగ్గు, జిగురుతో అంటించిన మీసం, రిటైరైన ఇన్సూరెన్స్ ఏజెంట్ వేషం. కామొమెలో అడుగుపెట్టగానే నాఫ్తలీన్ వాసన కొట్టింది. డజను మంది ముసలివాళ్ళు శుభ్రంగా ఇస్త్రీ బట్టలేసుకుని, పెళ్ళిచూపులకి వచ్చినట్టు కూర్చున్నారు. మూల టేబుల్ దగ్గర నిషిగోరి చెమటలు తుడుచుకుంటున్నాడు. దేశాన్ని అమ్మేవాడికి కాస్త గుండెనిబ్బరమైనా ఉండాలి, వీడికి అదీ లేదు.

కిటికీ పక్కన ఊదారంగు కిమోనోలో సయోకో. ప్రతి పాటకీ అందరికంటే ముందు చప్పట్లు కొడుతోంది. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్, అందులో పౌడర్ డబ్బా ఆకారంలో చిన్న పిస్టల్. దాన్ని కిందటేడు బహుమతిగా ఇచ్చింది మిబు ఆఫీసువాళ్ళే.

మిబు ఎవరికీ చప్పట్లు కొట్టలేదు. గాడిద ఓండ్ర పెడితే ఎవరైనా చప్పట్లు కొడతారా?

వరస అతని దాకా వచ్చింది. ఆ పాత మెషీన్లో 'ను' పాటలు రెండే రెండు. ఒకటి, తుంపర్లలో వెళ్ళిపోయే ఫెర్రీ పాట. రెండోది, చిన్నపిల్లలు పాడే ఎలుగుబంటి బొమ్మ పాట. మిబు రిమోట్ మీద మొదటిది నొక్కాడు. స్పీకర్లో అన్ని పడవ పాటలకీ ఉండే కూత వినిపించింది, స్క్రీన్ మీద పాట పేరు పడింది.

గదిలో కాఫీ కప్పులన్నీ ఆగిపోయాయి. షాపు యజమానురాలు హిసానో కౌంటర్ వెనకనించి పరుగున వచ్చి పాట ఆపేసింది.

"ఆ పాట వద్దు బాబూ. అది కామెతాని గారిది."

"ఆయన రాశారా?"

"రాయడమేమిటి? ఇక్కడ ఆయనే పాడతారు. ఇంకెవరూ పాడరు."

"ఆయన ఇప్పుడు లేరుగా!"

"భోజనానికెళ్తే ఇంటికి తాళం వెయ్యరా?" అంది పక్క టేబుల్ దగ్గర కూర్చున్న తోమి అనే బామ్మ. "పొరుగూరి మనిషిలా ఉన్నాడు, మర్యాద తెలీదు."

మిబు కిటికీ వైపు చూశాడు. సయోకో మొహంలో నవ్వు పాచిపోయినట్టుంది. ఆవిడ కంగారెందుకు పడాలి? అప్పుడు అతనికి అనుమానం తగిలింది.

ఇక మిగిలింది ఎలుగుబంటి పాట. అది అతనికి ప్రతి ముక్కా వచ్చు. వచ్చన్న సంగతి బయటపడటం కంటే చావడం నయం. "నేను తర్వాత పాడతాను," అని రిమోట్ పక్కకి జరిపేశాడు. ఆ పరువే కొంప ముంచింది.

ఎందుకంటే అప్పుడే తలుపు తోసుకుని కామెతాని వచ్చాడు. ఒకప్పుడు ఫెర్రీలో సరంగు. కొత్తగా క్షవరం చేయించుకున్నాడు. ఆయన కుర్చీలో కూర్చోకముందే హిసానో పాట పెట్టేసింది, ఆ షాపులో అదే పద్ధతి. కామెతాని కళ్ళు మూసుకుని 'ను' పాటని మొదటినించి చివరిదాకా, ఒక్క చరణం వదలకుండా పాడేశాడు.

ఏ షాపులో కూర్చుంటారో అక్కడ ఒక్క పూట ముందుగా కూర్చుని కాఫీ తాగి ఉంటే ముఠావాళ్ళకి తెలిసేది, ఆ పాట రోజూ మోగేదేనని. అంత ఓపిక వాళ్ళకేదీ?

నిషిగోరి లేచి, వణుకుతూ గొంతుమాత్రల డబ్బా కామెతాని ముందు పెట్టి, వెనక్కి చూడకుండా బయటికి పరిగెత్తాడు.

"పాపం, కుర్రాడు కదిలిపోయాడు," అన్నాడు కామెతాని సంతోషంగా. డబ్బా తెరిచి ఒక మాత్ర చప్పరించాడు.

మిబు లేచేలోపే సయోకో ఆయన పక్కన వాలిపోయింది. "ఎంత బాగా పాడారండీ! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా గొంతు కూడా పట్టేసింది, ఒక్క మాత్ర ఇస్తారా?"

"ఒక్కటేమిటమ్మా, డబ్బా ఉంచుకో."

సయోకో డబ్బా చేతిలో పట్టుకుని లేచింది. రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది. మిబుని చూసి చిరునవ్వు నవ్వింది. ఫెర్రీలో కొరియర్ ఎవడూ లేడు, కొరియర్ ఆవిడే. మనవాళ్ళందరినీ రేవులో నిలబెట్టి ఇక్కడ తాపీగా పని కానిచ్చుకుంటోంది. బయట టాక్సీ ఇంజిన్ నడుస్తూనే ఉంది. కదిలితే పౌడర్ డబ్బా పేలుతుంది, మధ్యలో ఈ ముసలివాళ్ళున్నారు. ఆవిడ గుమ్మం దాటితే తమ్ముడు వండే గంజి నీళ్ళపాలు, తమ్ముడు కూడా.

మిబు చుట్టూ చూశాడు. తుపాకీ లాభం లేదు. టేబుల్ మీద రిమోట్ ఉంది. తర్వాతి వరస సయోకోదే.

నొక్కాడు. మళ్ళీ అదే పడవ కూత.

"ఎవరిదీ?" హిసానో గొంతు ఖంగుమంది.

"ఆవిడదే," అన్నాడు మిబు వేలు చూపించి. "పాట పెట్టుకుని జారుకుంటున్నారు."

పాట పెట్టుకుని వెళ్ళిపోవడం ఆ షాపులో దొంగతనం కంటే పెద్ద నేరం. తోమి బామ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది. ఇద్దరు బామ్మలు సయోకోని చెరో రెక్కా పట్టుకున్నారు. "రావమ్మా, సిగ్గెందుకు?" అంటూ హిసానో బ్యాగు లాక్కుని మైకు చేతిలో పెట్టింది. పౌడర్ డబ్బా కౌంటర్ వెనక్కి పోయింది.

అప్పుడు స్క్రీన్ మీద పాట పేరు పడింది. రెక్కలు పట్టుకున్న చేతులు బిగుసుకున్నాయి.

కామెతాని మెల్లిగా లేచాడు. మొహం కందగడ్డలా ఉంది. "నా కళ్ళెదుటే నా పాటా? నేనింకా చావలేదమ్మాయ్!"

"నేను పెట్టలేదు, ఆ మీసాలాయన..."

"గొంతుమాత్రలు అడుక్కుని, ఆ గొంతుతో నా పాటే పాడతావా? ఇలా తే!" డబ్బా లాగేసుకున్నాడు.

బయట టాక్సీ హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. తర్వాత వెళ్ళిపోయింది. ముఠాల్లో స్నేహాలు అంతవరకే.

మిబు కామెతాని దగ్గరికి వెళ్ళి తలవంచాడు. "అయ్యా, ఆ డబ్బా నాకు కావాలి."

"నువ్వా? వచ్చినప్పటినించీ ఒక్కసారీ చప్పట్లు కొట్టలేదట, తోమి చెప్పింది. నీకేం ఇవ్వను."

"ఒక మనిషి ప్రాణం ఉంది అందులో."

కామెతాని అతని మొహంలోకి చూశాడు. "అయితే పాడు."

మిబు రెండో 'ను' పాట నొక్కాడు. తల్లి చచ్చిపోయిన ఏడాది, తమ్ముడికి నిద్రపట్టనప్పుడల్లా పాడిన పాట అది. గొంతు ఎటో పోయింది, తాళం ఇంకెటో పోయింది. రెండో చరణంలో మీసం ఊడి మైకు మీద పడింది. ఎలుగుబంటి బొమ్మ చెవి చిరిగిపోయే చోట కళ్ళు చెమర్చాయి, అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చివరిదాకా పాడాడు.

చప్పట్లు కొట్టింది కామెతాని ఒక్కడే. డబ్బా చేతిలో పెట్టాడు. మాత్రల కింద ఫిల్మ్ భద్రంగా ఉంది.

చీఫ్ రేవునించి రొప్పుకుంటూ వచ్చేసరికి బామ్మలు సయోకోకి మర్యాద పాఠాలు చెబుతున్నారు. చేతికి బేడీలు వేస్తుంటే ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుంది. పారిపోయిన నిషిగోరి వీధి చివర బస్సు కోసం క్యూలో నిలబడి దొరికాడు.

మిబు వెళ్ళిపోతుంటే హిసానో గుమ్మం దాకా వచ్చింది. "మళ్ళీ రండి బాబూ. ఆ ఎలుగుబంటి పాట ఇక మీదే. దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు."

మర్యాదకి అన్నదా, భయపడి అన్నదా అని మిబు అడగలేదు.