చుక్క తర్వాత రెండో అంకె

ఉదయం దత్తాంశం దిగింది. నాలుగు వందల పన్నెండు ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడ్ లెక్క. సుగుణ దాన్ని కంప్యూటర్లో అంకెల రూపు సరిచేసే రెగెక్స్ సూత్రపు జల్లెడలో పోసింది. ఒకరు .9 అని పంపుతారు, ఇంకొకరు 1.20 అని సున్నా తగిలిస్తారు. జల్లెడ ముందు సున్నా పెట్టి, వెనక తోక కోస్తుంది. చుక్క తర్వాత ఒక్క అంకె, అంతే. మూడేళ్ళ కింద ఆ సూత్రం రాసింది సుగుణే. ఆఫీసు బోర్డు మీద వరసలు ముచ్చటగా కుదిరాయని నీటి మండలి ఆమెకు శాలువా కప్పింది.

ఆ వరసల్ని పంపకయంత్రం చదువుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే బోర్డు మీద ఊరు ఎర్రబడుతుంది, వడపోత బండి కదులుతుంది. దాటకపోతే పచ్చ. మధ్యలో మనిషికి పని లేదు.

ఫోను మోగింది. ఎర్రగుంటగూడెంలో మీటరు చూసే సైదులు.

"బిడ్డా, నేను పంపింది ఒకటి పాయింటు ఐదు తొమ్మిది. మీ బోర్డు మీద ఒకటిన్నరే ఉన్నది. తొమ్మిదిని ఎవరు మింగిండ్రు?"

"కోతలో పోయింది తాతా. అందరికీ ఒక్క అంకెనే."

"మంచిగుంది. ఈ నీళ్ళకు నా మనవరాలి మోకాళ్ళు వంకరబోతున్నయి, వాటిని గూడ కోసి సక్కగ జెయ్యరాదు? రోజు మీటరు అద్దం తుడిసి రెండంకెలు రాస్తున్న. అక్కర లేకుంటే చెప్పు, కండ్లన్న సల్లగుంటయి."

సుగుణ జల్లెడకు ముందున్న అంకెలు తెరిచింది. 1.52. 1.57. 1.59. అరవైమూడు ఊళ్ళు. బోర్డు మీద అన్నీ 1.5, అన్నీ పచ్చ.

పై అధికారి భిక్షం వెనక నిలబడి చూశాడు. "అది ముట్టకు. ఉన్నయే తొమ్మిది బండ్లు. యంత్రం ఆగిపోతది."

"ఆగనీ సార్."

"వందో వంతు కోసం ఇంత లొల్లా?"

"ఆ వందో వంతు మూడేండ్ల సంది తాగుతున్నరు. సూత్రం నాది. తప్పు గూడ నాదే."

కోత ఉన్న ముక్కను చెరిపేసింది. మళ్ళీ పోసింది. వరసలు వంకరటింకరగా దిగాయి. పచ్చబోర్డులో ఆ అరవైమూడు ఊళ్ళూ ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. యంత్రం తొమ్మిది బండ్లు పంచి ఆగిపోయింది. తెర మీద ఒకే వాక్యం: "బండ్లు చాలవు. మనిషి నిర్ణయం కావాలి."

ఆ మాట అది ఇంతవరకు ఎన్నడూ అడగలేదు.

భిక్షం కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "ఇప్పుడు ముందు ఏ ఊరు?"

"తాగేటోళ్ళనే అడుగుదం సార్," అంటూ సుగుణ ఫోను అందుకుంది. అరవైమూడు ఊళ్ళ మీటరువాళ్ళకూ ఒకేసారి లైను కలిపింది.